తాబేలు వీపు మీద ఆ చోటు

జూన్ 4

మామయ్యకి,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, అత్తయ్యని కూడా పిలిచి అప్పుడు చదువు. ఫోను చేసి చెప్పొచ్చు. కానీ నలభై ఏళ్ళు ఫౌండ్రీ చప్పుళ్ళు విన్న చెవులకి నా మాటలు సగమే చేరతాయి, ఆ సగాన్ని కూడా నువ్వు నీకు తోచినట్టు అర్థం చేసుకుంటావు. కాగితం మీదైతే తప్పించుకోలేవు.

మీ ఊరి చెరువు గట్టు మీద పెట్టడానికి శిల్పం కావాలని పార్కు కమిటీ వాళ్ళు పోటీ పెట్టారు కదా. ముప్ఫై ఎనిమిది మంది అడిగితే నాకిచ్చారు. బొమ్మ ఎలా ఉంటుందో వాళ్ళింకా చూడలేదు. నా పాత పనుల ఫోటోలు, నేను రాసిచ్చిన ఒక పేజీ చూసి నమ్మారు. పదిహేనేళ్ళుగా నా బొమ్మలు తలుపుల వెనకా, మెట్ల కిందా, ఎవరూ వెళ్ళని మూలల్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఒకటి ఆరుబయట, నేను పెరిగిన ఊళ్ళో, అందరూ నడిచే దారిలో నిలబడబోతోంది. నాకు గర్వంగా ఉంది మామయ్యా. దాచుకోవడం చేతకావడం లేదు.

ఇక పని మాట. పోత మీ ఫౌండ్రీలోనే పోయాలనీ, ప్యాటర్న్ నువ్వే చేయాలనీ షరతు పెట్టాను. చెక్కలో చేసిన రూపాన్ని ఇసుకలో అదిమి తీసి ఆ గుంటలో ఇనుము పోస్తారని, చెక్కలో ఏ తప్పుంటే ఇనుములో అదే తప్పు శాశ్వతంగా ఉండిపోతుందని నా విద్యార్థులకి ఏటా చెబుతాను. ఎవరు నేర్పారంటే మా మామయ్య అంటాను. నువ్వు రిటైరయ్యావు కదా, పిలిస్తే ఇబ్బందా అని మేనేజరు గారిని అడిగాను. "ఆయన రోజూ తొమ్మిదింటికి గేటు దగ్గర టీ తాగుతూనే ఉన్నారు, లోపలికి రమ్మంటే చాలు" అని జవాబు రాశారు.

ప్లాస్టర్‌తో చేసిన చిన్న బొమ్మని పెట్టెలో పంపుతున్నాను. అది అడుగు వెడల్పు, అసలుది ఆరడుగులు రావాలి. గీసిన కాగితాలు పంపడం లేదు. నువ్వు తిడతావని తెలుసు. ఈ వంపులు కాగితానికి లొంగవు, కొలతలన్నీ బొమ్మ మీదే తీసుకో. అదేమిటో కూడా చెప్పను. ఎవరూ ఏమీ చెప్పకుండా చూసినవాళ్ళకి ఏమనిపిస్తుందో నాకు తెలియాలి. ఆ మొదటి చూపు నీదే కావాలి.

నీ మేనకోడలు

జూన్ 15

పిడుగా,

కూర్చునే చదివాను. అత్తయ్య మాత్రం నిలబడే విని, అట్నుంచి అటే వీధిలోకి వెళ్ళింది. అరగంటలో ఈ క్వార్టర్ల వరుసంతా తెలిసింది. ఎదురింటి క్రేన్ ఆపరేటరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, పోటీ గెలిచింది నేనా నువ్వా అని నాకే సందేహం వచ్చింది.

పెట్టె భద్రంగా చేరింది.

చూడగానే చెప్పాను, తాబేలని. సాక్షి అత్తయ్య. తల లేదు, కాళ్ళు లేవు, అయినా బరువు కింద అలా ఒరిగి నిలబడిన వీపు ఇంకెవరిది. దేవతలూ రాక్షసులూ సముద్రం చిలుకుతుంటే కొండ మునిగిపోతే, అడుగున చేరి వీపు ఆన్చిందే ఇది. నీ చిన్నప్పుడు చెక్కపొట్టులో కూర్చోబెట్టి ఈ కథ నీకెన్నిసార్లు చెప్పానో. పైన కొండ గిరగిరా తిరుగుతుంటే తాబేలుకి వీపు గోకినట్టు హాయిగా ఉండి కునుకు తీసిందంటే, నువ్వు వెంటనే వెనక్కి తిరిగి గోకమనేదానివి. తాడు లాగినవాళ్ళకి పేరొచ్చింది. అమృతం ఎవరు తాగారో అందరికీ తెలుసు. అడుగున మోసినవాడి పనితనం ఎవరికీ కనపడదు, మా ప్యాటర్న్ పనీ అంతే. అందుకే ఆ కథలో నాకు తాబేలంటేనే అభిమానం. నువ్వు దాన్ని ఎంచుకున్నావని నాకు ఛాతీ ఉప్పొంగింది.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటానని అత్తయ్య రోజూ దెప్పుతుంది. నీ తాబేలుకి అసలు కాళ్ళే లేవు. మరి నిన్నేమనాలి.

గీతలు లేకుండా పని చేయడం నాకు ఇదే మొదలు. చిన్నాచితకా ఏమన్నా ఉంటే నేను చూసుకుంటాను, నువ్వు బెంగ పెట్టుకోకు. ప్యాటర్న్ షాపులో నా పాత బల్ల మీద ఎవరో రంగు డబ్బాలు పేర్చారు. వెళ్ళగానే తీయించాను.

మామయ్య

జూన్ 24

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "వీడు బళ్ళో ఒక్క వ్యాసం రాయలేదే, ఇన్ని పేజీలు ఎక్కణ్ణించి వచ్చాయి" అని నవ్వింది. తర్వాత మళ్ళీ చదవమంది.

తాబేలని పట్టేశావు. ఇక్కడ మా కాలేజీలో ఒకరు టోపీ అన్నారు, ఒకరు ఒరిగిన పడవ అన్నారు. లెక్కలు చెప్పే మాస్టారు బోర్లించిన మూకుడు అని, నా మొహం చూసి, కాదులెండి అని సర్దుకున్నారు. నువ్వు ఒక్క చూపులో చెప్పేసరికి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఒకే ఒక్క విషయం. పైన, నడినెత్తికి కాస్త పక్కగా ఆ చోటుంది చూశావు కదా. మిగతా వీపంతా పదిహేను రోజుల్లో చేశాను. ఆ ఒక్క చోటుకి మూడు నెలలు పట్టింది. బొమ్మంతా ఉన్నది దానికోసమే. దాన్ని నీ చేత్తోనే చెయ్యి, ఇంకెవరికీ ఇవ్వకు, యంత్రం ముట్టించకు. ఇంతకంటే చెప్పను. చెబితే నా మాట చూసి చేస్తావు, బొమ్మ చూసి చేయవు.

మా స్టూడియో కప్పు మళ్ళీ కారుతోంది. బకెట్లు పెట్టి వాటి మధ్య పాఠం చెబుతున్నాను. అత్తయ్య మోకాలు ఎలా ఉందో రాయి.

మేనకోడలు

జూలై 19

పిడుగా,

ఆ చోటు గురించి నువ్వు రాసింది చదివి రెండు రోజులు ఉలి పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది. దాని మీద నువ్వింత ప్రాణం పెట్టుకున్నావని తెలిశాక అంతకి తగ్గట్టు చేయగలనా అని. తర్వాత అనుకున్నాను, మేనకోడలు మూడు నెలలు పెట్టిన చోటుకి మామయ్య పది రోజులైనా పెట్టకపోతే ఎలా.

పదకొండు రోజులు పట్టింది. చుట్టూ ఉన్న వంపుని అరచేత్తో రాసి రాసి, అది ఎటు పోవాలనుకుంటోందో తెలుసుకుని దాని వెంటే వెళ్ళాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే ఆ చోటు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో నాకే తెలియడం లేదు. నలభై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఇంత శ్రద్ధగా ఏదీ చేయలేదు. పంపుల కవర్లూ మ్యాన్‌హోల్ మూతలూ చేసిన చేతికి ఇది దక్కడం నా అదృష్టం.

మా స్కేలు మామూలు స్కేలు కంటే కాస్త పొడుగని చెబితే, చిన్నప్పుడు నువ్వు వీధంతా తిరిగి "మా మామయ్యది దొంగ స్కేలు" అని చాటింపు వేశావు, గుర్తుందా. ఇనుము చల్లారితే మీటరుకి సెంటీమీటరు ముడుచుకుంటుంది, అందుకే ముందే పెంచి చేస్తాం. మొన్న ఆ స్కేలు తీస్తే నీ పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి.

ఫర్నేసు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసిపోతున్నారు. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని చాలాసేపు చూసి, "బాగుంది, తల ఎప్పుడు పెడతారు" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఈ ఇంట గెలవడం కష్టం.

అత్తయ్య మోకాలికి మందు మార్చారు. నోరు మాత్రం ఎప్పట్లాగే బాగా పనిచేస్తోంది.

మామయ్య

జూలై 28

మామయ్యా,

ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదని రాశావు. నాకు కావలసింది సరిగ్గా అదే. ఒక్కసారిగా జరిగినట్టు ఉండకూడదు, ఏళ్ళ తరబడి మెల్లగా అరిగినట్టు ఉండాలి. నేను నోరు విప్పకుండానే నీకు అర్థమైంది. ఇక్కడ పెద్ద పెద్ద విమర్శకులకి పేజీలు పేజీలు రాసిచ్చినా అర్థం కాదు.

పోత పోసే రోజుకి రాలేను. సరిగ్గా ఆ వారమే పరీక్షలు. ఫోటో తీయించి పంపు.

ఇంకోటి అడగాలి. బొమ్మ పక్కన రాయి మీద నాలుగు మాటలు రాయాలట. ఆ చెరువు ఒకప్పుడు ఇప్పుడున్న దానికి రెండింతలుండేదని అమ్మ చెబుతుంది. సగం ఎలా పూడిందో చెప్పమని మున్సిపల్ ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను. "కాలక్రమేణా" అని జవాబిచ్చారు. కాలం వచ్చి తట్టతో మట్టి పోసిందా. నువ్వు పుట్టినప్పటినుంచీ ఆ ఊళ్ళోనే ఉన్నావు, నీకేమన్నా తెలుసా.

మేనకోడలు

ఆగస్టు 17

పిడుగా,

అయింది. నీ తాబేలు పుట్టింది.

మంగళవారం పొద్దున పదింటికి పోశారు. దాదాపు టన్ను ఇనుము. అచ్చులోకి సన్నగా, ఆగకుండా, ఒకే ధారగా పోయాలి. మధ్యలో ధార తెగిందంటే వీపు మీద అతుకు గీత పడుతుంది. ఇద్దరు క్రేన్ దగ్గర, ఇద్దరు కరిగిన ఇనుమున్న బాల్చీ వంచే చక్రం దగ్గర. నేను చేసేదేమీ లేదు, అయినా అక్కడే నిలబడ్డాను. మూడు రోజులు చల్లారనిచ్చి శుక్రవారం ఇసుక పగలగొట్టారు. ఒక్క బుడగ లేదు, ఒక్క పగులు లేదు. మేనేజరు గారు చెయ్యి కలిపి, "ప్యాటర్న్ షాపుకి తాళం వేద్దామనుకున్నాం, ఇంకో ఏడాది ఆగుతాం" అన్నారు.

పార్కు కమిటీ అధ్యక్షురాలు కూడా వచ్చింది. చెరువు పక్కన ఆస్పత్రి ఉందే, ఆ పళ్ళ డాక్టరమ్మ. చుట్టూ తిరిగి, చేత్తో తట్టి చూసి, "ఎంత నిండుగా ఉంది" అంది. నిండుగా ఉందట. నాకు పూలదండ వేసినట్టయింది. వెంటనే వంచకూడదని తల వంచలేదు గానీ, కళ్ళు తడిశాయి.

ఫోటో ఇందులో పెట్టాను. పక్కన నిలబడింది నేనే, కొలత తెలియాలని నిలబెట్టారు. పొట్ట లోపలికి పీల్చుకున్నాను, కనపడుతోందా.

చెరువు సంగతులు ఇప్పుడెందుకులే, పాత కథలు.

మామయ్య

ఆగస్టు 23

మామయ్యా,

ఫోటో వచ్చింది. రంధ్రం ఏది?

నేను పంపిన బొమ్మకి పైన నిమ్మకాయ పట్టేంత రంధ్రం ఉంది. నేను ఆ చోటు అన్నది దాన్నే. మూడు నెలలు పట్టింది దాని అంచులకే. ఇది నువ్వు చెప్పిన కథే. కొండ తిరుగుతుంటే గోకినట్టు హాయిగా ఉందని చెప్పి నువ్వు ఆపేశావు. ఆ తర్వాత ఏమైందని నేను అడుగుతున్నాను. గోకి గోకి, అరిగి అరిగి, చివరికి తూటు పడింది. విషం పుడితే మింగడానికి దేవుడొకడు వచ్చాడు. అడుగున మోసిన దాన్ని ఎవరైనా ఒక్కసారి తిరగేసి చూశారా. నేలైనా, నీళ్ళైనా అంతే. మోస్తోంది కదా అని మనం వేస్తూనే ఉన్నాం.

నువ్వు పదకొండు రోజులు కూర్చుని నా బొమ్మ నోరు నొక్కేశావు. నిండుగా ఉందట. ఎందుకుండదు.



ఆగస్టు 29

మేనకోడలికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి అత్తయ్య లాక్కుని సొరుగులో పెట్టింది.

ముందు నా తప్పు చెబుతాను. పెట్టె భద్రంగా చేరిందని రాశాను, అది అబద్ధం. తెరిచేసరికి బొమ్మ అంచున రెండు చోట్ల పెచ్చులూడాయి, గడ్డిలో ప్లాస్టర్ ముక్కలు దొరికాయి. నెత్తి మీద రంధ్రం. లారీలో దెబ్బ తగిలి పగిలిందనుకున్నాను. చెబితే నీ మనసు కష్టపడుతుందని దాచాను. నువ్వేమో ఆ చోటు, ఆ చోటు అని రాస్తున్నావు. సరిగ్గా పగిలిన చోటే నీకు అంత ముఖ్యమైనదా అని నేను ఎంత కుమిలిపోయానో నీకు తెలియదు. నువ్వు కన్నీళ్ళు పెట్టుకోకూడదని ఆ పదకొండు రోజులూ కూర్చున్నాను.

ఇప్పుడు నీ తప్పు. ఒక్క కాగితం మీద ఒక్క సున్నా చుట్టి "ఇది రంధ్రం" అని రాసి ఉంటే సరిపోయేది. ప్యాటర్న్ చేసేవాడి మనసులోకి దూరి ఎవరూ ఇనుము పోయలేరు. నలభై ఒక్క ఏళ్ళలో నా ప్యాటర్న్ ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. మొదటిది నా అక్క కూతురి దగ్గరినుంచి వచ్చింది.

ఇంకో మాట కూడా ఉంది, అది నాకు గుచ్చుకుంటోంది. తాబేలు వీపుకి తూటు పడిందని ఏ కథలో ఉంది? మోసినవాడు మోసే నిలబడ్డాడు. అందుకే కదా మనకి ఆ కథ. అడుగున ఉన్నవాడు ఓడిపోయాడని చెప్పడానికి టన్ను ఇనుము ఎందుకు.

మామయ్య

సెప్టెంబరు 6

మామయ్యా,

నా మొన్నటి ఉత్తరంలో సంతకం కూడా పెట్టలేదని అమ్మకి చెప్పాను. చాలా తిట్టింది. "వాడు నీకు పెట్టిన ముద్ద కూడా అడక్కుండానే పెట్టాడు, అప్పుడు తప్పనిపించలేదా" అంది. నన్ను క్షమించు. గీత పంపకపోవడం నా పొగరు. నా పని దానంతట అదే మాట్లాడుతుందని గొప్పలు పోయాను. మాట్లాడలేదు, చూశావుగా.

నిన్న డాక్టరమ్మ ఉత్తరం వచ్చింది. శిల్పం కమిటీ అందరికీ నచ్చిందట, నవంబరులో కాదు, అక్టోబరులోనే ఆవిష్కరిస్తారట. రంధ్రం సంగతి ఫౌండ్రీలో ఎవరో చెప్పారనుకుంటా, "ఉన్నది ఉన్నట్టుగానే స్వీకరిస్తాం, మార్పులు చేస్తే మళ్ళీ ఆలోచించవలసి వస్తుంది" అని చివర్న రాసింది. పళ్ళ డాక్టరుకి రంధ్రం అంటే గిట్టకపోవడంలో వింతేముంది.

రెండు రోజులు మింగలేక కక్కలేక కూర్చున్నాను. ఇక ఉండనిద్దాం మామయ్యా. ఇది పోతే ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. నీ పనితనాన్ని అందరూ మెచ్చుకుంటున్నారు, దాన్ని పాడుచేయడం నాకిష్టం లేదు. నిండైన తాబేలు కూడా తాబేలే కదా. ఫోటోలో నువ్వు బాగున్నావు. పొట్ట కనపడుతోంది.

నీ మేనకోడలు

సెప్టెంబరు 14

పిడుగా,

నీ ఉత్తరం చదివి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నువ్వు తిట్టినప్పుడు నొచ్చుకున్నాను గానీ, నువ్వు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ నొచ్చుకున్నాను. చెరువు దాకా నడిచి వెళ్ళి మధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చున్నాను. ఇప్పుడు నీకు చెప్పవలసింది చెబుతాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు చెరువు మాట ఎత్తగానే నేను మాట మార్చాను. చెరువు ఎలా పూడిందో నాకు తెలుసు. పూడ్చింది మేమే.

ప్రతి పోతకీ వాడిన ఇసుక మాడి నల్లబడుతుంది. కొన్నిసార్లు జల్లెడ పట్టి మళ్ళీ వాడతాం, ఆ తర్వాత పనికిరాదు. అదంతా ఎక్కడికి పోయిందని నువ్వూ అడగలేదు, ఎవరూ అడగలేదు. రోజుకి నాలుగు బళ్ళు చెరువులోకి పోయేవి. ఇనుప పొట్టు, నూనె, జిగురు, అన్నీ కలిసిన ఇసుక. ప్యాటర్న్ షాపుకి రాకముందు మూడేళ్ళు ఆ బండి వెనక పార పట్టుకుని నిలబడింది నేనే. మేము దాన్ని పూడ్చడం అనేవాళ్ళం కాదు, నేల చేయడం అనేవాళ్ళం. గర్వంగానే అనేవాళ్ళం. ఆ నేల మీద క్వార్టర్లు కట్టి మాకిచ్చారు. నువ్వు పెరిగిన ఇంట్లో వంటగది ఉన్న చోట నేను ఈత నేర్చుకున్నాను.

తాబేలు ఓడిపోలేదని నీతో వాదించాను. చెరువు కూడా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనలేదు కదా అని హాయిగా ఉందనుకున్నాను.

రంధ్రం కనపడగానే నా చేతికి పూడ్చాలనిపించింది, అలవాటు అలాంటిది. అడిగి చేయాలని తోచలేదు. అందుకే ఈసారి అడుగుతున్నాను. నువ్వు ఒప్పుకుంటే ఆ రంధ్రం నేను చేస్తాను. పోత ఇనుముని గ్యాస్ మంటతో కోయడం కుదరదు, పగులుతుంది. చుట్టూ దగ్గర దగ్గరగా డ్రిల్లు పెట్టి, మధ్య మిగిలినదాన్ని ఉలితో కొంచెం కొంచెంగా తెంచాలి. ఒక్క దెబ్బ తేడా వస్తే వీపు నిలువునా చీలుతుంది, మళ్ళీ పోసే వ్యవధి లేదు. ఆ సంగతి కూడా తెలిసే నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అసలు సైజులో గీసి పంపు. ఎక్కడ, ఎంత, ఏ దిక్కు, అన్నీ గీయి.

డాక్టరమ్మ మెప్పు నాకు తీపిగానే ఉంది. కానీ ఆవిడ మెచ్చుకున్నది నా తప్పుని. దానితో నేను బతకలేను. నా కోసం వదిలేస్తున్నానని మాత్రం ఇంకెప్పుడూ రాయకు.

మామయ్య

సెప్టెంబరు 20

మామయ్యా,

చెయ్యి.

కాగితం చుట్టలో పంపుతున్నాను. అంచు మందం పద్దెనిమిది చోట్ల రాశాను. గట్టు మీద ఎటు తిప్పి నిలబెట్టాలో బాణం గుర్తు వేశాను. నీ పని చూసి నేర్చుకున్నదాన్ని, గీత గీయడం చేతకాదని ఎవరూ అనకూడదు కదా.

రంధ్రంతో అయితేనే ఇస్తాను, లేకపోతే తీసుకోవద్దని డాక్టరమ్మకి రాసేశాను. జవాబు రాలేదు. వీపు చీలినా, వాళ్ళు వద్దన్నా, నిన్ను ఒక్క మాట అనను. ఇది నేను రాసి ఇస్తున్న మాట.

ఇసుక గురించి నువ్వు రాసింది అమ్మకి చదివాను. "మా అందరికీ తెలుసు" అంది. "నీకు చెప్పాలని ఎవరికీ తోచలేదు." చెప్పినవాడివి నువ్వొక్కడివే మామయ్యా. నువ్వు నా మామయ్యవని ఇన్నాళ్ళూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ గొప్ప ఎంతో నాకు ఇప్పుడే తెలిసింది.

నీ మేనకోడలు

అక్టోబరు 9

పిడుగా,

వీపు చీలలేదు.

తొంభై నాలుగు డ్రిల్లు రంధ్రాలు, తొమ్మిది రోజులు. ఉలి పని మొదలుపెట్టేసరికి షాపులో అందరూ పని ఆపి నిలబడ్డారు. వెళ్ళిపొమ్మన్నాను. ఎవరూ కదల్లేదు. ఆఖరి ముక్క ఊడి కింద పడ్డాక ఇనుముని తట్టి విన్నాను. చీలితే బొంగురుగా మోగుతుంది. నా చెవుల్ని నమ్మలేక క్రేన్ ఆపరేటరుని వినమన్నాను. "గంటలా మోగుతోంది" అన్నాడు. అప్పుడు కూర్చుండిపోయాను. అంచుల్ని నీ పద్దెనిమిది కొలతలకీ ఆకురాయితో దింపాను, నాలుగు రోజులు. తేడా ఉంటే వచ్చి చూపించు.

సోమవారం గట్టు మీదికి తెచ్చాం. నీ బాణం గుర్తు ఎటుంటే అటు తిప్పి దించుతుంటే డాక్టరమ్మ వచ్చింది. నీ ఉత్తరం చేతిలోనే ఉంది. "ఒప్పుకోవాలని లేదు, ఒకసారి చూసి వద్దని చెబుదామని వచ్చాను" అంది. వీపు ఒక అంచు మీద ఒరిగి నిలబడుతుంది కాబట్టి రంధ్రం ఎదుటికి వస్తుంది, వంగి అందులోంచి చూసింది. నువ్వు గీసినట్టు నిలబెడితే అందులోంచి నీళ్ళు కనపడవు, మా క్వార్టర్లు కనపడతాయి. పిచ్చిగడ్డి, పైపులు, అత్తయ్య ఆరేసిన బట్టలు.

"ఇంత కష్టపడి రంధ్రం చేసి, ఇందులోంచి ఇళ్ళు చూడాలా. కాస్త అటు తిప్పండి, నీళ్ళు కనపడతాయి, అందంగా ఉంటుంది. అలాగైతే ఇప్పుడే సంతకం పెడతాను" అంది.

క్రేన్ అక్కడే ఉంది. తిప్పడం పావుగంట పని. అందరూ నా వైపు చూశారు. నీకు రాసి అడిగే సమయం లేదు. నీ కాగితం తీసి ఆవిడకి చూపించాను.

"అమ్మా, గీతలో లేనిది నేను చేయను. ఒకసారి చేసి ఈ వయసులో బుద్ధి తెచ్చుకున్నాను" అన్నాను. "పైగా అటు తిప్పితే ఇది అబద్ధం చెబుతుంది. మీకు కనపడే ఆ నేలంతా చెరువే. మా ఫౌండ్రీ ఇసుకతో పూడ్చాం. నేనే పోశాను, ఈ చేతుల్తో."

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఫర్నేసు వాళ్ళు తలలు దించుకున్నారు. మేనేజరు గారు కూడా ఉన్నారు, నన్నాపలేదు. క్రేన్ ఆపరేటరు కిందికి దిగి వచ్చి నా పక్కన నిలబడి, "బండి తోలింది నేను" అన్నాడు.

డాక్టరమ్మ మళ్ళీ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "మా ఆస్పత్రి?" అని అడిగింది. ముందు గది గట్టి నేల మీదే ఉందనీ, వెనక రెండు గదులూ మా ఇసుక మీద ఉన్నాయనీ చెప్పాను. "అందుకేనా ఆ గోడ ఏటా పగులుతోంది" అంది. బల్ల ఏదీ లేక, తాబేలు వీపు మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. ఎటూ తిప్పమనలేదు.

ఆవిష్కరణ ఆదివారం. కానీ జనం అప్పుడే వచ్చి చూస్తున్నారు. రోజూ నాలుగింటికి వెళ్ళి అక్కడ నిలబడుతున్నాను. పగిలిన బొమ్మ ఎందుకు పెట్టారని అడుగుతారు. పగల్లేదంటాను. ఇందులోంచి చూడండి, మీకు కనపడేదంతా ఒకప్పుడు నీళ్ళు అంటాను. ఎవరు పూడ్చారంటే చెబుతున్నాను. బొమ్మ ఎవరు చేశారంటే అదీ చెబుతున్నాను, అది కాస్త గట్టిగా చెబుతున్నాను. నిన్న పద్నాలుగు మంది అడిగారు.

ఆదివారం బస్సు దిగి ఇంటికి రాకు. నేను అక్కడ ఉండను, గట్టు మీద ఉంటాను.

మామయ్య